కలకండ గ్లాసును కదిలించకండి



పోయిన నెల మన తొమ్మిదో తరగతి పిల్లలందరూ ఇళ్లలో ఒక గాజు గ్లాసు నిండా చక్కెర పాకం పోసి, అందులో నూలు దారం వేలాడదీసి పెట్టుకున్నారు. మీ వంటింట్లో చక్కెర డబ్బా ఒక్కసారిగా ఎందుకు సగమైందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. చీమల బాధ కూడా తెలిసే ఉంటుంది. దాని గురించి డైరీల్లో రాశారు, ఫోన్లు చేశారు, గేటు దగ్గర ఆపి అడిగారు. అందరి ప్రశ్నా దాదాపు ఒకటే: "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?"

న్యాయమైన ప్రశ్న. ఫీజు కట్టేవాళ్లకు అడిగే హక్కు ఉంది. అందుకే ఈ నెల ఈ పేజీ నాకివ్వమని అడిగాను. ఇంగ్లిష్ పేజీల్లో టైమ్‌టేబుల్, హాజరు వివరాలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను, ఇంట్లో అవ్వా తాతా కూడా చదవాలని. మన పిల్లల్లో కొందరి ఇళ్లలో కన్నడ మాట్లాడతారు. తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లానే కదా. వాళ్లింట్లో పిల్లలే చదివి వినిపిస్తారని నమ్మకం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. 'హైడ్రోజన్ బంధం' అనే పాఠం మీ పిల్లలకు ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో వస్తుంది. నీట్‌కైనా, జేఈఈకైనా అది ముఖ్యమైన పాఠమే. కానీ అది రెండేళ్ల తర్వాతి సంగతి. మరి ఇప్పుడే ఎందుకంటే, నా దగ్గర మూడు నాలుగు కారణాలున్నాయి. అవి చదివాక మీరే తేల్చండి.

గ్లాసులో ఏం జరుగుతోంది?

చక్కెర అణువును శాస్త్రవేత్తలు సుక్రోజ్ అంటారు. 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఒక అణువు. వెడల్పు దాదాపు ఒక నానోమీటరు, అంటే మీటరులో వందకోట్లో వంతు. మన తల వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల పైమాటే. ఇక మీరే ఊహించుకోండి.

ఈ అణువుకు ఎనిమిది చోట్ల ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు బయటికి చాచిన చేతుల్లా ఉంటాయి. ఆ జంటలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. దాంతో హైడ్రోజన్ కాస్త ధనావేశంతో మిగులుతుంది. పక్క అణువులో ఎలక్ట్రాన్లు ఎక్కువున్న ఆక్సిజన్ కనబడితే అటు మొగ్గుతుంది. ఇలా ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు ఆకర్షితమవడమే హైడ్రోజన్ బంధం.

ఇది బలమైన బంధం కాదు. నీటి అణువు లోపల హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను కలిపి ఉంచే అసలు బంధం బలంలో దీనిది సుమారు ఇరవయ్యో వంతు. వేడి చేస్తే తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కానీ లక్షల కోట్ల అణువులు ఒక్కొక్కటీ కొన్ని చేతులతో పక్కవాళ్లను పట్టుకుంటే కథ వేరు. ఆరాధనోత్సవాల్లో మన ఊరి రథం లాగడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తాడు మీద ఒక్క చెయ్యి వేస్తే చక్రం కదలదు.

పాకం వేడిగా ఉన్నప్పుడు నీళ్లు చాలా చక్కెరను కరిగించుకుంటాయి. మరిగే 100 మిల్లీలీటర్ల నీళ్లలో 480 గ్రాముల పైచిలుకు చక్కెర కరుగుతుంది. అవే నీళ్లు చల్లారాక 200 గ్రాములకు కొంచెం ఎక్కువను మాత్రమే పట్టి ఉంచగలవు. మిగిలిన చక్కెరకు పాకంలో చోటు లేదు. అది ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి. దారానికి ముందే అంటించిన చక్కెర పలుకులు దానికి దారి చూపిస్తాయి. ఒక్కో అణువు వచ్చి ఆ పలుకు మీద, తన చేతులు పక్కవాటి చేతులకు సరిగ్గా అందే కోణంలో కూర్చుంటుంది. పైన మేస్త్రీ లేడు, చేతిలో ప్లాను లేదు. అణువు ఆకారమే ప్లాను. దీన్నే 'సెల్ఫ్ అసెంబ్లీ' అంటారు. మన మాటలో, తమంతట తామే పేర్చుకోవడం.

పిల్లలు నోరు తెరుచుకుని విన్న సంగతి ఇంకొకటుంది. అణువు ఒక్కోసారి తప్పుగా కూర్చుంటుంది. అప్పుడేమవుతుంది? బంధం బలహీనమైనది కాబట్టి అది ఊడి మళ్లీ పాకంలోకి వెళ్లిపోతుంది. మరోసారి వస్తుంది, ఈసారి సరైన చోట కూర్చుంటుంది. బంధం మరీ బలమైనదైతే మొదటి తప్పే శాశ్వతమై, మనకు దక్కేది కలకండ కాదు, గందరగోళపు ముద్ద. అద్దంలా నునుపైన ఆ ముఖాలు ఏర్పడేది, తప్పు దిద్దుకునే వీలుంది కాబట్టి. దానికి సమయం కావాలి కాబట్టే పది రోజులు ఆగమన్నాం.

ఇది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే

నేను పుట్టి పెరిగింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. మా నాన్న నేసేవాడు, మా అమ్మ నూలు పని చేసేది. తెల్లవారుజామున ఎండ ముదరకముందే వీధి పొడవునా పడుగు సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. గంజి సరిగ్గా పట్టకపోతే మగ్గం మీద దారాలు పుటుక్కున తెగేవి. ఆ రోజు నాన్న మాట్లాడేవాడు కాదు. ఎందుకు తెగుతున్నాయో, గంజి పెడితే ఎందుకు తెగవో అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. "గంజి పెడితే దారానికి బలం" అనేవారు, అంతే.

డిగ్రీలో ఒక రోజు సెల్యులోజ్ బొమ్మ బోర్డు మీద గీశారు. పత్తి దారమంటే దాదాపు మొత్తం సెల్యులోజే. గ్లూకోజ్ యూనిట్లు వేల సంఖ్యలో గొలుసుగా కలిస్తే సెల్యులోజ్. ఆ గొలుసుల పక్కల నిండా చక్కెరకున్నట్టే ఆక్సిజన్, హైడ్రోజన్ చేతులు. ఒక గొలుసు పక్క గొలుసును హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని, కొన్ని నానోమీటర్ల మందంగల కట్టలుగా మారుతుంది. ఆ కట్టలే కలిసి నూలు పోగు. బియ్యం గంజిలో ఉండేది పిండి పదార్థం. అదీ గ్లూకోజ్ గొలుసే, దానికీ అవే చేతులు. అందుకే గంజి నూలును అంత గట్టిగా అంటుకుంటుంది, లేచిన నూగును అణిచి ఉంచుతుంది. ఆ రోజు క్లాసులో కూర్చుని మా వీధి గురించే ఆలోచించాను. మా అమ్మ చేతుల కింద ఏళ్ల తరబడి జరిగినదానికి ఒక పేరుందని తెలిసింది. సైన్స్ టీచర్ అవుదామని నేననుకున్నది ఆ రోజే. తర్వాత బీఈడీ చేశాను.

మీ ఇంట్లో ఇస్త్రీ సంగతి చూడండి. నూలు చొక్కా నలిగితే గొలుసులు జరిగి, కొత్త చోట్ల బంధాలు వేసుకుని అక్కడే ఉండిపోతాయి. అదే ముడత. నీళ్లు చిలకరిస్తే నీటి అణువులు మధ్యలో దూరి ఆ బంధాలను విడదీస్తాయి. ఇస్త్రీ పెట్టె వేడి నీళ్లను తరిమేస్తుంది, బరువు గొలుసులను చదునుగా పరుస్తుంది. ఆరేలోపు చదునుగా ఉన్న స్థితిలోనే కొత్త బంధాలు పడతాయి. పొడి చొక్కా మీద ఎంత తిప్పినా ముడత పోదని మీ పిల్లలకు తెలుసు. ఎందుకు పోదో ఇప్పుడు మీరు అడగొచ్చు.

పెళ్లికి కొనే ధర్మవరం చీర కూడా అంతే. పట్టు ఒక ప్రోటీన్. దాని గొలుసులు మడత మడతగా ఒకదాని పక్కన ఒకటి చేరి, హైడ్రోజన్ బంధాలతో కొన్ని నానోమీటర్ల సైజున్న చిన్న చిన్న స్ఫటికాలుగా ఏర్పడతాయి. పట్టు దారం బలమంతా ఆ చిన్న స్ఫటికాల్లోనే ఉంది. 2010లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు లెక్కగట్టి చూపించిందేమిటంటే, ఆ స్ఫటికాలు కొద్ది నానోమీటర్లకే పరిమితమై ఉంటే బంధాలన్నీ కలిసికట్టుగా భారం మోస్తాయి, పెద్దవైతే బలం తగ్గుతుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పిల్లల ముఖం చూడండి. ముక్కు నాన్నది, నవ్వు అమ్మది అంటాం. ఆ సమాచారమంతా ఉన్న డీఎన్ఏ మెట్లను కలిపి ఉంచేవి కూడా హైడ్రోజన్ బంధాలే. ఒక రకం జంటకు రెండు, ఇంకో రకం జంటకు మూడు.

హైదరాబాద్‌లో జరిగిన పని

సైన్స్ అంటే ఎక్కడో విదేశాల్లో జరిగేదని మన పిల్లలు అనుకుంటారు. అందుకే వాళ్లకు గౌతమ్ దేశిరాజు గారి గురించి చెప్పాను. ఆయన 1979లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చేరి మూడు దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. తర్వాత బెంగళూరులోని ఐఐఎస్‌సీకి వెళ్లారు. అణువులు స్ఫటికంగా ఎలా పేర్చుకుంటాయో ముందే ఊహించి, మనకు కావలసిన స్ఫటికాన్ని రూపొందించవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఆ విద్యను 'క్రిస్టల్ ఇంజినీరింగ్' అంటారు. దాని మీద 1989లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివారు. 2011 నుంచి 2014 వరకు అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సంఘానికి ఆయనే అధ్యక్షులు.

ఆయన బాగా పట్టించుకున్నది బలహీనమైన హైడ్రోజన్ బంధాలను. కార్బన్‌కు అతుక్కున్న హైడ్రోజన్ కూడా ఆక్సిజన్ వైపు మొగ్గుతుందా? ఈ ప్రశ్నకు ఒక కథ ఉంది. న్యూజిలాండ్ నుంచి వచ్చి లండన్‌లో పనిచేసిన జూన్ సుటర్ అనే శాస్త్రవేత్త 1962లోనే "అవును, అలాంటి బంధాలున్నాయి" అని రాశారు. కెఫీన్ లాంటి పదార్థాల స్ఫటికాల్లో ఆమెకు అవి కనబడ్డాయి. 1968లో ఒక పెద్ద శాస్త్రవేత్త ఆమె మాటను కొట్టిపారేశారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ ఆ ఊసెత్తలేదు. 1982లో కేంబ్రిడ్జిలో టేలర్, కెనార్డ్ అనే ఇద్దరు న్యూట్రాన్లతో కొలిచిన 113 స్ఫటికాల వివరాలు వరుసగా పరిశీలించి, అవి నిజమేనని తేల్చారు. ఆ బంధాలకు స్ఫటికాల నిర్మాణంలో ఎంత పాత్ర ఉందో చూపించినవాళ్లలో మన హైదరాబాద్ ప్రొఫెసర్ ముఖ్యుడు. 2011లో హైడ్రోజన్ బంధానికి అంతర్జాతీయంగా కొత్త నిర్వచనం ఇచ్చినప్పుడు, ఆ కమిటీకి నాయకత్వం వహించింది ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ అరుణన్ గారు. దేశిరాజు గారు అందులో సభ్యులు. అంటే మీ పిల్లలు ఇంటర్‌లో బట్టీ పట్టబోయే నిర్వచనాన్ని తిరగరాసినవాళ్లలో మన పక్క ఊళ్ల ప్రొఫెసర్లున్నారన్నమాట.

ఈ కథ విని మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "ఆమెను ఒప్పుకోడానికి ఇరవై ఏళ్లు పట్టిందా మేడం?" పట్టింది.

తెలుసుకుంటే లాభమేంటి?

ఇది సరదా విషయం మాత్రమే అనుకోకండి. ప్రాణాలకు సంబంధించినది కూడా.

మీరు మింగే మాత్రలో మందు చాలావరకు స్ఫటికం రూపంలోనే ఉంటుంది. ఒకే అణువు రెండు మూడు రకాలుగా పేర్చుకోగలదు. పేర్పు మారితే కరిగే వేగం మారుతుంది. ఎయిడ్స్ రోగులకు వాడే రిటోనావిర్ అనే మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది. 1998లో ఉన్నట్టుండి క్యాప్సూల్స్‌లో కొత్త రకం స్ఫటికాలు కనబడ్డాయి. అణువు అదే, హైడ్రోజన్ బంధాల అమరిక వేరు. కొత్త రకం సరిగ్గా కరగదు, అంటే రోగికి మందు అందదు. ఆ క్యాప్సూల్స్‌ను ఆపేసి, మందును మరో రూపంలో తయారుచేసుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో ఇప్పుడు కొత్త మందు తయారవుతుంటే, అది ఎన్ని రకాల స్ఫటికాలుగా మారగలదో ముందే వెతుకుతారు. ఆ పని చేసే ల్యాబుల్లో మన జిల్లా పిల్లలకు కూడా చోటుంది.

ఇంకో ఉదాహరణ తల్లులకు. 1990లో అమెరికాలోని హార్వర్డ్‌లో సెటో, వైట్‌సైడ్స్ అనే ఇద్దరు, మెలమైన్, సయనూరిక్ ఆమ్లం అనే రెండు అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి ఎంత చక్కగా అమరుతాయో ఆధారం చేసుకుని, పువ్వు ఆకారంలో పేర్పులు కట్టించారు. ఈ రంగంలో అది గొప్ప పని. అదే మెలమైన్‌ను 2008లో చైనాలో కొందరు వ్యాపారులు పాలలో ప్రోటీన్ ఎక్కువ ఉన్నట్టు పరీక్షలో కనబడడానికి కలిపారు. పసిపిల్లల శరీరంలో అది యూరిక్ ఆమ్లంతో అలాగే జతకట్టి, మూత్రపిండాల్లో రాళ్లయింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. అధికారిక లెక్క ప్రకారం ఆరుగురు చనిపోయారు. ఆ ఏడాదే మన దేశం చైనా పాల ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. పాలను పరీక్షించినవాళ్లు ప్రోటీన్ అంకె చూశారు, ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడలేదు.

ఆ చివరి వాక్యాన్ని మార్కుల మెమో చూసేటప్పుడు నేను తరచూ గుర్తుచేసుకుంటాను. అంకె బాగుంటే చాలదు, లోపల ఉన్నది కూడా తెలియాలి.

ఒక నాన్న అడిగిన ప్రశ్న

పేరు చెప్పను గానీ, ఒక అబ్బాయి గురించి చెప్పాలి. వాళ్ల నాన్న పత్తి, ఉల్లి వేస్తారు. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో నా ముందు కూర్చుని ఆయన అన్న మాట ఇది: "మేడం, వాన వస్తే పంట, లేకుంటే అప్పు. వీడు చదువుతాడనే ఈ ఫీజు కడ్తాండా. ఫౌండేషన్ బ్యాచ్‌లోకి రాకుంటే వచ్చే ఏడు గవర్నమెంట్ స్కూల్లో ఏస్తా." అబ్బాయి పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు.

నేను చదివింది కూడా గవర్నమెంట్ స్కూల్లోనే. అక్కడ మంచి టీచర్లున్నారు. నా భయం ఆ స్కూలు గురించి కాదు. "నాకు చదువు రాదు, అందుకే మార్చారు" అని ఆ పిల్లాడు నమ్మేస్తాడేమోనని. పద్నాలుగేళ్లకు అలా నమ్మితే, తర్వాత ఏ స్కూల్లో వేసినా ఆ నమ్మకం వెంటే వస్తుంది.

ఆ అబ్బాయి నిర్వచనాలు ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాస్తాడు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోతాడు. కలకండ పెట్టమన్నప్పుడు కూడా రోజుకు పదిసార్లు దారం పైకెత్తి చూశాడు, గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. వారానికి అడుగున ఇసుకలాంటి చక్కెర మిగిలింది. వాళ్ల చెల్లెలు మిగిలిన పాకాన్ని ఇంకో గ్లాసులో పోసి, దారం వేసి, అటక మీద పెట్టి మరిచిపోయిందట. పన్నెండో రోజు దింపితే దారం నిండా గోరంత గోరంత కలకండ.

ఆ రెండు గ్లాసులూ స్కూలుకు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఎందుకిట్లా?" అని వాడే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు, రెండూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చి, సగం తెలుగులో సగం కన్నడలో చెప్పాడు: "నేను కదిపినప్పుడల్లా కొత్త కొత్త చోట్ల మొదలైంది మేడం. చక్కెరంతా అన్నిటికీ పంచుకుపోయింది. దాని గ్లాసులో కొన్నిచోట్లే మొదలైంది, ఉన్నదంతా వాటికే చేరింది." పుస్తకాల్లో దీన్ని 'న్యూక్లియేషన్' అంటారు. ఆ మాట వాడికి తెలియదు, విషయం తెలిసింది. తర్వాత అదే సంగతిని ఇంగ్లిష్‌లో మూడు వాక్యాల్లో రాసిచ్చాడు. రెండు స్పెల్లింగ్ తప్పులున్నాయి. ఈ ఏడాది వాడు ఏ పుస్తకమూ చూడకుండా రాసిన మొదటి జవాబు అది.

వాళ్ల నాన్నను మళ్లీ పిలిచి ఆ కాగితం చూపించాను. ఆయన కాసేపు గ్లాసులే చూసి, నేను అనుకోని ప్రశ్న అడిగారు: "మరి బెల్లం పాకం ఎంత కదపకుండా పెట్టినా కలకండ కాదే, ఎందుకు?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి. బెల్లంలో సుక్రోజ్ ఒక్కటే ఉండదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, ఇంకా చెరకు రసంలోని ఎన్నో పదార్థాలుంటాయి. వాటికీ అవే చేతులు ఉంటాయి కాబట్టి అవి వచ్చి చక్కెర కూర్చోవాల్సిన చోట కూర్చుంటాయి. కానీ ఆకారం వేరు కావడంతో తర్వాతి వరుస కుదరదు. గులాబ్‌జామూన్ పాకం గడ్డకట్టకుండా మీరు నిమ్మరసం పిండేది కూడా ఇందుకే. మరుగుతున్న పాకంలో నిమ్మ పులుపు కొంత సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. అవి మిగిలిన చక్కెరను వరుస కట్టనివ్వవు.

ఇదంతా నేను ఆయనకు చెప్పలేదు. "మీ అబ్బాయినే కనుక్కోమందాం అన్నా" అన్నాను. ఇప్పుడు వాడూ ఇద్దరు స్నేహితులూ కలిసి మూడు గ్లాసులు పెట్టారు: ఉత్త చక్కెర పాకం, బెల్లం పాకం, నిమ్మరసం వేసి మరిగించిన పాకం. ఇది రాసేనాటికి తొమ్మిది రోజులైంది. మొదటిదానిలో మాత్రమే కలకండ కట్టింది. ఫౌండేషన్ పరీక్ష వచ్చే వారం. అబ్బాయి అందులో నెగ్గుతాడో లేదో నాకు తెలియదు. నెగ్గకపోయినా ఈ ఏడాది ఆఖరుదాకా ఆగి చూడమని వాళ్ల నాన్నను అడిగాను. "చూద్దాం మేడం" అన్నారు. అంతకన్నా మాట ఇమ్మని అడిగే హక్కు నాకు లేదు. ఆయన అప్పు నేను కట్టడం లేదు కదా.

మీరు ఇంట్లో చేయగలిగినది

ఇంకా మొదలుపెట్టని ఇళ్లు, లేదా చీమల వల్ల మానేసిన ఇళ్లు మళ్లీ ప్రయత్నించండి. ఒక గ్లాసు నీళ్లకు మూడు గ్లాసుల చక్కెర. సన్నని సెగ మీద పూర్తిగా కరిగేదాకా కలపండి. మరిగే పాకం చర్మానికి అంటుకుంటే నీళ్లకన్నా ఎక్కువగా కాలుతుంది కాబట్టి ఈ పని పెద్దవాళ్లే చేయాలి. నూలు దారాన్ని తడిపి, చక్కెరలో దొర్లించి, పూర్తిగా ఆరనివ్వండి. నైలాన్ దారం వద్దు, దానికి చక్కెర పలుకులు సరిగ్గా అంటుకోవు. పాకం గోరువెచ్చగా అయ్యాక గాజు గ్లాసులో పోసి, దారాన్ని ఒక పుల్లకు కట్టి వేలాడదీయండి. దారం అడుక్కీ అంచుకీ తగలకూడదు. పైన పల్చటి గుడ్డ కప్పి, గ్లాసును నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి, చీమలు రావు. తర్వాత పది రోజులు ముట్టుకోకండి.

ఆ పది రోజుల్లో పిల్లలను "వచ్చిందా, రాలేదా" అని అడగొద్దు. "ఏం జరుగుతుందనుకుంటున్నావు, ఎందుకనుకుంటున్నావు" అని అడగండి. ఇంట్లో మాట్లాడే భాషలోనే అడగండి. తెలుగో, కన్నడమో, ఉర్దూనో. ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో నేర్పడం మా పని, దానికే మీరు ఫీజు కడుతున్నారు. కానీ విషయం ముందు పిల్లల మనసులో కుదురుకోవాలి. దానికి వాళ్లకు బాగా వచ్చిన భాషే దగ్గరి దారి. జవాబు తప్పైతే వెంటనే దిద్దకండి. మర్నాడు మళ్లీ అడగండి. చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు.

మీకు కూడా ఆ నాన్నగారిలా ప్రశ్న వస్తే డైరీలో రాసి పంపండి. ఏ ప్రశ్నా చిన్నది కాదు. వచ్చే నెల రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్ రోజున సైన్స్ గదిలో అన్ని గ్లాసులూ వరుసగా పెడతాం. కలకండ కట్టనివి కూడా తీసుకురండి. ఎందుకు కట్టలేదో మీకు చెప్పడం మీ పిల్లల బాధ్యత. ప్రోగ్రెస్ కార్డు చూసే ముందు ఆ గదికి ఒకసారి వచ్చి, పది నిమిషాలు వాళ్లు చెప్పేది వినండి.